వేపపుల్లా, పళ్ళపొడా, పేస్టా: నోట్లో ఏ పనికి ఏది పనికొస్తుంది

సహజమైనది వాడాలా, రసాయనం వాడాలా అని మొదలుపెడితే పళ్ళ విషయంలో తేలేది ఏమీ ఉండదు. పనిని బట్టి సామాను ఎంచుకోవాలి. నోట్లో రోజూ జరగాల్సిన పనులు నాలుగు. పంటి మీది పాచిని తోమి తీసెయ్యాలి. పంటికీ పంటికీ మధ్య సందు శుభ్రం కావాలి. పంటి గట్టి పైపొర అయిన ఎనామిల్ రోజూ కోల్పోయే ఖనిజం తిరిగి చేరేలా చూడాలి. నాలుక వెనక భాగాన్ని గీసుకోవాలి.

వేపపుల్ల మొదటి పని బాగానే చేస్తుంది, రెండుగా చీలిస్తే నాలుగోది కూడా చేస్తుంది. మూడో పనికి అది పనికిరాదు. ఫ్లోరైడ్ పేస్టు సరిగ్గా ఆ మూడో పనికే ఉంది. పాచిని తీసేది పేస్టు కాదు, బ్రష్షు కుచ్చు. రెండో పని పుల్లా చెయ్యదు, పేస్టూ చెయ్యదు. దానికి దారమో, సన్నని సందు బ్రష్షో ఉండాలి. ఒకటి వాడుతున్నాం కదా అని మిగతా పనులు వదిలేసిన చోటే పళ్ళు పాడవుతాయి.

పాచి అంటే ఏమిటో ఒకసారి దగ్గరగా చూడండి. రాత్రి పళ్ళు తోమకుండా పడుకుని, పొద్దున్న చిగురు అంచున గోటితో మెల్లగా గీకితే తెల్లగా, మెత్తగా, వెన్నలాంటి పొర వస్తుంది. అది అన్నం మెతుకు కాదు, బ్యాక్టీరియా ముద్ద. మనం తిన్న చక్కెరను అది ఆమ్లంగా మారుస్తుంది. పీహెచ్ అనేది ఆమ్లాన్ని కొలిచే అంకె, అది తగ్గే కొద్దీ ఆమ్లం ఎక్కువని అర్థం. పంటి మీద పీహెచ్ 5.5 కంటే తగ్గితే ఎనామిల్ కరగడం మొదలవుతుంది. ఈ పొర మెత్తగా ఉన్నంత సేపు పుల్లతో అయినా బ్రష్షుతో అయినా పోతుంది. అక్కడే వదిలేస్తే రెండు మూడు రోజుల్లో లాలాజలంలోని సున్నం చేరి గట్టిపడడం మొదలుపెడుతుంది. అదే గార. గార పట్టాక ఏ పొడితో ఎంత రుద్దినా రాదు, రుద్దిన వాడి ఎనామిలే అరుగుతుంది. దాన్ని డాక్టరు దగ్గర తీయించుకోవాల్సిందే. తీయించాక పళ్ళు కదులుతున్నట్టు, సందులు పెరిగినట్టు అనిపిస్తుంది. పళ్ళ మధ్య గోడలా నిండి ఉన్న గార పోయింది కాబట్టి అలా ఉంటుంది. తీయించడం వల్ల పళ్ళు వదులయ్యాయనేది అపోహ.

వేపపుల్ల: ఎలా కోయాలి, ఎక్కడ పొరపాటు జరుగుతుంది

పందుంపుల్ల చిటికెన వేలంత లావు, జానెడు పొడవు ఉండాలి. సుశ్రుత సంహిత చెప్పిన కొలత కూడా ఇంచుమించు ఇదే: పన్నెండు అంగుళాలు, అంటే పన్నెండు వేళ్ళ వెడల్పు, చిటికెన వేలంత మందం. పచ్చిగా, నిటారుగా, కణుపులు లేకుండా ఉన్న కొమ్మ కావాలి. ఎండినది నమిలితే కుచ్చు కాదు, పేళ్ళుగా విడిపోయి చిగుళ్ళలో గుచ్చుకుంటుంది. మరీ లేతది నలిగి ముద్దవుతుంది.

ఒక కొస నుంచి అర అంగుళం మేర బెరడు ఒలిచి, ఆ కొసను దవడ పళ్ళ కింద పెట్టి రెండు మూడు నిమిషాలు మెల్లగా నమలాలి. పీచు విడిపోయి మెత్తని కుచ్చు అయ్యాక తోమడం మొదలుపెట్టాలి. చాలామంది అర నిమిషం నమిలి, కొస ఇంకా గట్టిగా ఉండగానే అడ్డంగా రుద్దేస్తారు. వేపపుల్లతో జరిగే నష్టంలో ఎక్కువ భాగం ఇక్కడిదే. పైపళ్ళను చిగురు నుంచి కిందికి, కిందిపళ్ళను చిగురు నుంచి పైకి, ఒక్కో పన్నునూ విడిగా తోమాలి. ముందు పళ్ళకి ఇది చక్కగా కుదురుతుంది. కింది దవడ పళ్ళకు నాలుక వైపున్న భాగం మాత్రం నిటారు పుల్లకి అందదు. కుచ్చును పుల్లకి అడ్డంగా వంచి ప్రయత్నించవచ్చు గానీ, నిజం చెప్పాలంటే అక్కడ బ్రష్షుకున్న చేరువ పుల్లకి లేదు. పుల్ల మాత్రమే వాడేవాళ్ళు అద్దంలో నోరు తెరిచి కింది పళ్ళ లోపలి వైపు చూసుకోవాలి. గార మొదట కనిపించేది ఎక్కువగా అక్కడే.

తోమడం అయ్యాక పుల్లను నిలువునా రెండుగా చీల్చి, ఒక బద్దను విల్లులా వంచితే నాలుక గీసుకోవచ్చు. చీల్చిన అంచు గరుగ్గా ఉంటే బెరడు వైపు నాలుకకు ఆనించండి. వాడిన పుల్ల పడెయ్యండి. మర్నాటికి దాచుకోవాలనుకుంటే వాడిన కొస కోసేసి, మిగతాది తడిగుడ్డలో చుట్టి పెట్టండి. నాలుగు రోజులకు సరిపడా ఒకేసారి తెచ్చుకుని తడిగుడ్డలో ఉంచుకోవచ్చు, కానీ ఒకరు నమిలింది ఇంకొకరికి ఇవ్వకూడదు.

ఏ చెట్టు నుంచి కోస్తున్నారన్నది ఇప్పుడు తప్పక చూడాల్సిన విషయం. 2021 చివర్లో తెలుగు రాష్ట్రాల్లో వేపచెట్ల కొమ్మలు చివళ్ళ నుంచి మాడినట్టు ఎండిపోయిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఫోమోప్సిస్ అనే శిలీంద్రం వల్ల వచ్చే ఎండు తెగులు అది. చివుళ్ళు గోధుమ రంగుకి తిరిగి వాలిన కొమ్మనీ, తెగులుకి మందు కొట్టిన చెట్టునీ ముట్టుకోకండి. పురుగుమందులు కొట్టే పత్తి, మిరప చేల గట్ల మీది చెట్లనూ వదిలెయ్యండి. రోడ్డు పక్క చెట్టయితే దుమ్మూ పొగా పట్టి ఉంటుంది, పుల్లను కడిగాకే నోట్లో పెట్టండి.

వేపే కావాలని లేదు. కానుగ, ఉత్తరేణి, తుమ్మ, మర్రి ఊడ మన ఊళ్ళలో ఎప్పటి నుంచో వాడుతున్నవే. తుమ్మ వగరు, చిగుళ్ళు బిగుసుకున్నట్టు అనిపిస్తుంది. ఉత్తరేణి వేరు మెత్తన, ముసలివాళ్ళకి హాయి. మిస్వాక్ (సాల్వడోరా చెట్టు పుల్ల) పీచు వేప కంటే సన్నగా విడుతుంది, కుచ్చు బాగా తయారవుతుంది. ఊరికే గుర్తుపట్టీ పట్టనట్టున్న మొక్క పుల్ల మాత్రం నోట్లో పెట్టకండి. గన్నేరు కొమ్మ కూడా చూడ్డానికి నిటారుగా, నున్నగా ఉంటుంది, అది విషం.

"మా తాతలకి వేపపుల్లతోనే ఎనభై ఏళ్ళకీ చెరుకు నమిలే పళ్ళున్నాయి" అన్న మాట ప్రతి ఇంట్లో వినపడుతుంది. వాళ్ళు జొన్నన్నం, రాగి సంకటి తిన్నారు. రోజుకి నాలుగుసార్లు చక్కెర టీ, బిస్కెట్లు, సీసా డ్రింకులు వాళ్ళకి లేవు. పుల్ల మారలేదు, నోట్లోకి వెళ్ళేది మారింది. తీపి ఎంత తిన్నామన్న దాని కన్నా ఎన్నిసార్లు తిన్నామన్నదే పంటికి ముఖ్యం. తిన్న ప్రతిసారీ అరగంట దాకా పీహెచ్ కిందే ఉంటుంది. ఒక పూట కూర్చుని మూడు లడ్డూలు తినడం కంటే, పొద్దున్నించి సాయంత్రం దాకా చప్పరించే చాక్లెట్లే ఎక్కువ చేటు.

పొడులు: బొగ్గు, కచ్చిక, ఉప్పు, ఎర్రపొడి

ఇక్కడ నిర్మొహమాటంగా చెప్పాలి. ఇంట్లో వాడే పొడుల్లో ఊక బూడిద అన్నిటికన్నా చెడ్డది. వడ్ల ఊక కాలిస్తే మిగిలే బూడిదలో ఎక్కువ భాగం సిలికా, ఇసుకలో ఉండే పదార్థమే. ఇటుక పొడి కూడా అంతే. ఇవి పళ్ళని తెల్లగా చేసినట్టు కనిపించడానికి కారణం మరకతో పాటు ఎనామిల్ పైపొరను కూడా గీకెయ్యడం. ఎనామిల్ పలచబడితే కింద ఉన్న పసుపు రంగు డెంటిన్ బయటికి కనబడుతుంది. కొన్నేళ్ళు తోమాక పళ్ళు మునుపటి కన్నా పసుపుగా కనిపించేది అందుకే. పోయిన ఎనామిల్ మళ్ళీ పెరగదు.

కచ్చిక, అంటే పిడక కాల్చిన బూడిద, కాస్త మెత్తన. అయినా పేడలో కలిసిన మట్టీ ఇసుకా అందులోనే ఉంటాయి. బొగ్గుపొడి కొబ్బరి చిప్పదైనా కర్రదైనా నూరిన తీరును బట్టే మంచిచెడ్డ. మార్కెట్లో నల్లపేస్టుల పేరుతో వస్తున్న బొగ్గు పళ్ళ పగుళ్ళలో, పూరించిన పళ్ళ అంచుల్లో దిగి నల్లగీతగా మిగిలిపోతుంది. పూరకాలున్న వాళ్ళు దాని జోలికి పోకపోవడం మంచిది.

ఏ పొడి మెత్తనో తేల్చుకోవడానికి ఒక పాత సీడీ చాలు. సీడీ మెరిసే వైపు ఒక మూల కొంచెం పేస్టు వేసి, తడి వేలితో ఇరవైసార్లు రుద్దండి. ఇంకో మూల మీ పొడి వేసి, అంతే ఒత్తిడితో అన్నేసార్లు రుద్దండి. కడిగి దీపం వెలుతురులో వాల్చి చూడండి. పొడి వైపు గీతలు లోతుగా, ఎక్కువగా ఉంటే ఆ పొడి మీ పళ్ళ మీద వద్దు. సీడీ పన్ను కంటే చాలా మెత్తన కాబట్టి పంటి మీద సరిగ్గా అలాంటి గీతలే పడతాయని కాదు. రెండు పొడుల్లో ఏది గరుకో పోల్చుకోవడానికి మాత్రం బాగా పనికొస్తుంది.

ఎర్ర పళ్ళపొడుల రంగు చాలావాటిలో గైరికం, అంటే ఎర్రమన్నుది. లవంగం, మిరియం వాసనకి నోరు శుభ్రమైనట్టు అనిపిస్తుంది, కానీ మన్ను మన్నే. అట్ట మీద మొదటి పదార్థమే గైరికమైతే రోజువారీ వాడకానికి వద్దు. పళ్ళపొడిలో పొగాకు ఉండడం ఇంకా ప్రమాదం. 1992లోనే మన దేశంలో పొగాకు కలిపిన పేస్టులూ పళ్ళపొడులూ తయారుచెయ్యడం, అమ్మడం నిషేధించారు. అయినా గుడాకు అనే పొగాకు ముద్ద లాంటివి ఒడిశా సరిహద్దు వైపు ఇంకా దొరుకుతాయి. తోముకుంటే "హుషారుగా" ఉందీ, మానేస్తే తల నొస్తోందీ అంటే అందులో నికోటిన్ ఉందని అర్థం.

పొడే వాడాలనుకునేవాళ్ళు ఇలా చేసుకోండి. త్రిఫల చూర్ణం రెండు చెంచాలు, వంటసోడా ఒక చెంచా, లవంగాల పొడి పావు చెంచా. మూడింటినీ కలిపి వస్త్రగాళితం పట్టండి, అంటే పలచని మల్లు గుడ్డలో వేసి జల్లించి, కిందికి దిగిన మెత్తని పొడి మాత్రం వాడండి. గుడ్డలో మిగిలినదాన్ని మళ్ళీ నూరి కలపకండి, అది పారెయ్యాల్సిందే. తడి చెయ్యి సీసాలో పెట్టకూడదు. పెడితే త్రిఫల గడ్డకట్టి బూజు పడుతుంది. పొడిని వేలితో కాకుండా మెత్తని బ్రష్షుతో వాడండి. వేలు పంటి ఉబ్బు మీద తిరుగుతుంది, చిగురు అంచులోకి దిగదు. పాచి ఉండేది ఆ అంచులోనే. ఈ పొడిలో ఫ్లోరైడ్ లేదన్నది మర్చిపోకండి. పగలు పొడి, రాత్రి ఫ్లోరైడ్ పేస్టు అని పంచుకుంటే రెండూ దక్కుతాయి. నిమ్మరసం, ఉప్పు కలిపి తోమమనే చిట్కా మాత్రం అసలు వద్దు. ఆమ్లం ఎనామిల్‌ని మెత్తబరిస్తే ఉప్పు రాళ్ళు దాన్ని గీకేస్తాయి.

పేస్టు, ఫ్లోరైడ్, మన నీళ్ళు

పిప్పి పళ్ళు రాకుండా ఆపడంలో ఫ్లోరైడ్ పేస్టుకి ఉన్నంత గట్టి రుజువు మరే వస్తువుకీ లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో దాన్ని అత్యవసర ఔషధాల జాబితాలో చేర్చింది. పని జరిగే తీరు ఇదీ: ఆమ్లం ఎనామిల్ నుంచి కాల్షియాన్నీ ఫాస్ఫేట్‌నీ లాగేస్తుంది. లాలాజలం వాటిని తిరిగి చేరుస్తుంది. ఆ సమయంలో ఫ్లోరైడ్ కూడా ఉంటే తిరిగి కట్టుకునే పొర ఆమ్లానికి అంత తేలిగ్గా కరగదు.

మన దేశంలో పేస్టులో ఫ్లోరైడ్ గరిష్ఠంగా 1000 పీపీఎం, అంటే పది లక్షల భాగాల్లో వెయ్యి భాగాలు. ట్యూబు వెనక సోడియం మోనోఫ్లోరోఫాస్ఫేట్ అనో, సోడియం ఫ్లోరైడ్ అనో ఉంటే అది ఫ్లోరైడ్ పేస్టు. "హెర్బల్" అని రాసుంటే ఉందనీ కాదు, లేదనీ కాదు, చదివి తెలుసుకోవాల్సిందే. ఒక చిన్న మెలిక ఉంది. సుద్ద, అంటే కాల్షియం కార్బొనేట్, ఉన్న పేస్టులో సోడియం ఫ్లోరైడ్ కలిపితే అది కాల్షియంతో ముడిపడిపోయి పంటికి పెద్దగా అందదు. సుద్ద పేస్టులో మోనోఫ్లోరోఫాస్ఫేట్ ఉండాలి, సిలికా పేస్టులో సోడియం ఫ్లోరైడ్ సరిపోతుంది. తారీఖు దాటిన ట్యూబులో ఫ్లోరైడ్ పనితనం తగ్గుతుంది కాబట్టి తగ్గింపు ధరకు పాత సరుకు కొనకండి. ట్యూబు అడుగున ఉండే పచ్చ, ఎర్ర, నల్ల గీతలకీ లోపలి పదార్థాలకీ ఏ సంబంధమూ లేదు. ట్యూబును ఎక్కడ కోసి అతకాలో యంత్రానికి తెలిపే గుర్తులు అవి.

"ఫ్లోరైడ్ విషం కదా, నల్గొండ చూడండి" అంటారు. నల్గొండ నిజం. ఉమ్మడి రాష్ట్రంలో నల్గొండ, ప్రకాశం జిల్లాల కష్టం ఊరికే మాటల్లో తేలిపోయేది కాదు. ఫ్లోరైడ్ ఎక్కువై పళ్ళూ ఎముకలూ దెబ్బతినే ఫ్లోరోసిస్ గురించి మన దేశంలో తొలి శాస్త్రీయ నివేదిక 1937లో వచ్చింది కూడా అప్పటి నెల్లూరు జిల్లా నుంచే. కానీ అక్కడ నష్టం చేసింది నీళ్ళు. తాగి, వండుకుని, ఏళ్ళ తరబడి లోపలికి పోయిన ఫ్లోరైడ్ అది. తాగునీటిలో లీటరుకి 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దారి లేకపోతే 1.5 వరకు అన్నది మన ప్రమాణం. తోముకుని ఉమ్మేసే పేస్టు పంటి పైపొర మీద పనిచేస్తుంది, లోపలికి పోయేది బహు స్వల్పం.

చిన్నపిల్లల విషయంలో మాత్రం తేడా ఉంది, ఎందుకంటే వాళ్ళు ఉమ్మరు, మింగుతారు. శాశ్వత దంతాలు చిగుళ్ళ లోపల తయారయ్యే ఎనిమిదేళ్ళ లోపు వయసులో ఫ్లోరైడ్ ఎక్కువ మింగితే పళ్ళ మీద తెల్లమచ్చలు, గోధుమ చారలు వస్తాయి. కాబట్టి మూడేళ్ళలోపు బియ్యపు గింజంత, మూడు నుంచి ఆరేళ్ళ వరకు బఠాణీ గింజంత పేస్టు చాలు. ప్రకటనల్లో కుచ్చు నిండా పరిచి చూపించే వరుస ఏ వయసు వాళ్ళకీ అక్కర్లేదు. మీది ఇంకా బోరునీళ్ళే తాగే ఫ్లోరైడ్ ప్రాంతమైతే, నీళ్ళను గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలలో పరీక్ష చేయించండి. లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటితే, ఉమ్మడం రాని పిల్లలకి ఫ్లోరైడ్ లేని పేస్టు వాడడం సబబే. పెద్దవాళ్ళు మార్చాల్సింది పేస్టును కాదు, తాగే నీళ్ళను. నీళ్ళు కాచితే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై తగ్గే కొద్దీ ఇంకా చిక్కబడుతుంది.

ఆర్వో ప్లాంటు డబ్బా నీళ్ళు, ఇంట్లో ఆర్వో యంత్రం నీళ్ళు తాగే ఇళ్ళలో పరిస్థితి పూర్తిగా తలకిందులు. ఆర్వో ఫ్లోరైడ్‌లో చాలా భాగాన్ని తీసేస్తుంది. హైదరాబాదులో, విజయవాడలో ఆ నీళ్ళు తాగుతూ, ఫ్లోరైడ్ లేని మూలికల పేస్టుతో తోముకుంటూ, బిస్కెట్లు తినే పిల్లాడికి ఏ వైపు నుంచీ రక్షణ లేదు. అమెరికాలో చాలా ఊళ్ళలో కుళాయి నీళ్ళలోనే లీటరుకి సుమారు 0.7 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ కలుపుతారు. అక్కడి బంధువులు "మేం ఫ్లోరైడ్ పేస్టు మానేశాం, ఏం కాలేదు" అంటే ఆ తేడా కూడా లెక్కలోకి తీసుకోవాలి.

ఫ్లోరైడ్ వద్దని గట్టిగా అనుకునేవాళ్ళకి హైడ్రాక్సీఅపటైట్ పేస్టు ఒక దారి. ఎనామిల్‌లో ఉండే ఖనిజమే అది. ఫలితాలు ఆశాజనకంగా ఉన్నాయి, కానీ దాని వెనక ఉన్న పరిశోధన ఫ్లోరైడ్ వెనక ఉన్నంత పెద్దది కాదు, ధరా ఎక్కువే. ఇప్పటికే రెండు మూడు పిప్పి పళ్ళు ఉన్నవాళ్ళు ప్రయోగాలకు దిగకుండా ఫ్లోరైడ్‌కే ఉండడం మేలు.

రాత్రి తోమడం పొద్దున్న తోమడం కన్నా ముఖ్యం. నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది, పంటికి కాపలా ఉండదు. తోమాక నురగ ఉమ్మేసి, నోరు నీళ్ళతో నాలుగైదుసార్లు పుక్కిలించకండి. పుక్కిలిస్తే పంటి మీద మిగలాల్సిన ఫ్లోరైడ్ కాస్తా సింకులోకి పోతుంది.

వెదురు బ్రష్షు, ప్లాస్టిక్ బ్రష్షు

కొనేటప్పుడు మొదట చూడాల్సింది పిడి కాదు, కుచ్చు. "సాఫ్ట్" అని ఉండాలి. గట్టి కుచ్చుతో అడ్డంగా రుద్దేవాళ్ళకి కోరపళ్ళ దగ్గర చిగురు అంచున గాడి పడుతుంది, గోరు పెడితే తట్టుకుంటుంది. కుడిచేతి వాటం వాళ్ళకి అది ఎక్కువగా ఎడమ వైపు ఉంటుంది. చల్లటి నీళ్ళకి జివ్వుమనేది అక్కడే. బ్రష్షును చిగురు అంచుకి ఏటవాలుగా, సుమారు 45 డిగ్రీల వాలులో ఆనించి, పెన్ను పట్టినట్టు పట్టుకుని చిన్నచిన్న కదలికలతో తోమితే ఒత్తిడి దానంతట అదే తగ్గుతుంది. నెలలోనే కుచ్చు పూవులా విచ్చుకుపోతోందంటే తప్పు బ్రష్షుది కాదు, చేతి బలానిది.

వెదురు బ్రష్షులో వెదురు పిడి మాత్రమే. కుచ్చు దాదాపు అన్నిటిలో నైలానే. "మొక్కల నుంచి తీసిన కుచ్చు" అంటే ఎక్కువగా ఆముదం నుంచి చేసిన నైలాన్. ముడిసరుకు మొక్కదే అయినా అది మట్టిలో కరగదు. "బీపీఏ లేదు" అని రాసుకోవడంలోనూ పస లేదు, నైలాన్‌లో బీపీఏ (వేరే రకం ప్లాస్టిక్కుల్లో వాడే రసాయనం) ఎలాగూ ఉండదు. నిజంగా మట్టిలో కలిసేది పంది వెంట్రుకల కుచ్చు ఒక్కటే. అది గరుకు, తడి పీల్చుకుంటుంది, చాలామందికి అభ్యంతరం కూడా.

వెదురు పిడికి తడి శత్రువు. గ్లాసులో నిలబెడితే అడుగున చేరిన నీటిలో నాని, నెల తిరక్కుండా కింది భాగం నల్లబడుతుంది. వాడాక దులిపి, పిడి తుడిచి, అడుగున రంధ్రాలున్న స్టాండులో పెట్టండి. మూత తొడగకండి. కోస్తా ఊళ్ళలో వానాకాలం గాలిలోని తేమకే బూజు పడుతుంటే, తల మాత్రం మార్చుకునే ప్లాస్టిక్ బ్రష్షు మేలు. పిడి ఏళ్ళ తరబడి ఉంటుంది, మూణ్ణెల్లకి పారేసేది చిన్న ముక్కే.

అసలు ఈ ప్లాస్టిక్ ఎంతో లెక్క వేసి చూడండి. ఒక బ్రష్షు సుమారు 15 నుంచి 20 గ్రాములు. నలుగురున్న ఇంట్లో మూణ్ణెల్లకొకటి చొప్పున ఏడాదికి 16 బ్రష్షులు, మహా అయితే 320 గ్రాములు. అదే ఇంట్లో కుళాయి తిప్పి వదిలేసి తోముకుంటే, నిమిషానికి ఆరు లీటర్ల చొప్పున రెండు నిమిషాలు, రోజుకి రెండు పూటలు, నలుగురికీ కలిపి 96 లీటర్లు. హైదరాబాదుకి ఆ నీళ్ళు నాగార్జునసాగర్ నుంచీ, ఎల్లంపల్లి నుంచీ వందకు పైగా కిలోమీటర్లు కరెంటు పెట్టి తోడుకుంటూ రావాలి. ఒక చెంబు నీళ్ళు పెట్టుకుని తోముకుంటే చేసే మేలు వెదురు బ్రష్షు కొంటే రాదు. రెండూ చేస్తే ఇంకా మంచిదే, కానీ చెంబు ముందు.

సందులు, నాలుక, పుక్కిలింత

సందుల కోసం రోజుకి ఒకసారి, రాత్రి తోమే ముందు దారం. మోచేతి పొడవు తీసుకుని రెండు నడిమి వేళ్ళకి చుట్టి, సందులోకి రంపంలా ఆడిస్తూ దింపాలి. ఒక్కసారిగా నొక్కితే చిగురు తెగుతుంది. దింపాక ఒక పంటిని కౌగిలించుకున్నట్టు వంచి కింది నుంచి పైకి నాలుగుసార్లు లాగి, తర్వాత పక్క పంటికీ అలాగే చెయ్యాలి. మొదటి వారం రక్తం కనబడితే మానకండి. అక్కడ పాచి వల్ల చిగురు వాచి ఉండడమే కారణం, శుభ్రపడే కొద్దీ తగ్గుతుంది. పళ్ళ సందులు వెడల్పుగా ఉన్న పెద్దవాళ్ళకి దారం కన్నా సందు బ్రష్షు బాగా పనిచేస్తుంది, కడిగి వారం పది రోజులు వాడుకోవచ్చు. గుండుసూది, పిన్నీసు, అగ్గిపుల్ల చీలిక మాత్రం వద్దు.

నాలుకకి స్టీలు బద్ద. ఒకటి కొంటే జీవితకాలం. రాగిది కూడా మంచిదే, కానీ నల్లబడితే చింతపండుతో తోముకోవాలి. ప్లాస్టిక్‌ది కొనాల్సిన కారణమే లేదు. కోస్తాలో తాటాకు చీలికతో గీసుకునే అలవాటుంది, అది పారేసినా మట్టిలో కలుస్తుంది. వెనక నుంచి ముందుకి ఐదారుసార్లు మెల్లగా గీస్తే చాలు, రక్తం వచ్చేలా గీకడం శుభ్రత కాదు.

నూనె పుక్కిలింతకి ఒక చెంచాన్నర నువ్వుల నూనె, పరగడుపున పది నిమిషాలు. నూనె పాలలా తెల్లబడి పలచనవుతుంది. అది ఒంట్లోని విషాలు బయటికి రావడం వల్ల కాదు, నూనె ఉమ్మితో చిలికి కలవడం వల్ల. పాచి కొంతవరకు తగ్గుతుందని చిన్న అధ్యయనాలు చెబుతున్నాయి. పిప్పి పన్ను బాగవ్వడం, షుగరు తగ్గడం లాంటివి దాని నుంచి ఆశించకండి. తోమడానికి అదనంగా చెయ్యండి, తోమడానికి బదులుగా కాదు. పిల్లలకీ, మింగడంలో ఇబ్బంది ఉన్న ముసలివాళ్ళకీ వద్దు, నూనె ఊపిరితిత్తుల్లోకి జారితే నిమోనియా వస్తుంది. వేపనూనెతో ఎవరూ పుక్కిలించకూడదు, పిల్లల కడుపులోకి పోతే అది విషమే. ఉమ్మేది సింకులో కాకుండా పాత కాగితంలో ఉమ్మి చెత్తలో వెయ్యండి. కొబ్బరినూనె చలికాలం గొట్టంలోనే గడ్డకడుతుంది.

నోటిపూతకీ చిగుళ్ళ వాపుకీ గ్లాసు గోరువెచ్చని నీళ్ళలో అర చెంచా ఉప్పు వేసి పుక్కిలించడం చవకైనది, నమ్మదగినది. పన్ను తీయించిన రోజు మాత్రం పుక్కిలించకండి, గడ్డకట్టిన రక్తం ఊడిపోతుంది. డాక్టరు రాసిన క్లోర్‌హెక్సిడిన్ నీళ్ళు చెప్పినన్ని రోజులే వాడాలి. ఎక్కువ రోజులు వాడితే పళ్ళ మీద గోధుమ మరకలు పడతాయి, రుచి మారుతుంది. పేస్టు వాడిన వెంటనే దాన్ని పుక్కిలిస్తే పేస్టు నురగ దాని పనిని చెడగొడుతుంది, అరగంట ఆగాలి.

పన్ను నొప్పికి లవంగనూనె నేరుగా పోస్తే చిగురు కాలుతుంది. రెండు చుక్కలు ఒక చెంచా నువ్వుల నూనెలో కలిపి, దూదిని ముంచి పిండి, పంటి మీద మాత్రమే పెట్టండి. మాత్ర నూరి చిగురు మీద పెట్టడం ఇంకా హానికరం. నొప్పి తగ్గినా పిప్పి అలాగే ఉంటుంది, డాక్టరు దగ్గరికి వెళ్ళే లోపు గడవడానికే ఇదంతా.

మీ ఇంట్లో ఎవరికి ఏది

పెద్దవాళ్ళకి, పళ్ళు ఆరోగ్యంగా ఉంటే: పొద్దున్న వేపపుల్లో, మెత్తని పొడో. రాత్రి దారం, తర్వాత ఫ్లోరైడ్ పేస్టు, సాఫ్ట్ బ్రష్షు. స్టీలు బద్ద, చెంబు నీళ్ళు.

పిల్లలకి ఏడెనిమిదేళ్ళు వచ్చేదాకా తోమాల్సింది తల్లిదండ్రులే. వాళ్ళ చేతికి ఆ నేర్పు అప్పటికి గానీ రాదు. పుల్లా, పొడీ వాళ్ళకి వద్దు.

చల్లటికి జివ్వుమనే పళ్ళున్నవాళ్ళు పొడులూ బొగ్గు పేస్టులూ వెంటనే మానేసి, పొటాషియం నైట్రేట్ ఉన్న పేస్టు మూడు నాలుగు వారాలు వాడి చూడాలి. అది ఒక్క రోజులో పనిచెయ్యదు, వారానికే మార్చేస్తే ఫలితం తెలీదు.

గర్భిణులు వాంతి అయిన వెంటనే తోమకూడదు. గ్లాసు నీళ్ళలో అర చెంచా వంటసోడా వేసి పుక్కిలించి, అరగంట ఆగి తోమాలి. పులుపు తిన్నాక కూడా ఇదే పద్ధతి.

వంకర పళ్ళు సరిచెయ్యడానికి తీగ కట్టు వేయించుకున్నవాళ్ళు పుల్ల నమలకూడదు, తీగ ఊడుతుంది. కట్టుడు పళ్ళను పేస్టుతో, పొడితో తోమితే గీతలు పడి వాసన పడతాయి. వాటికి మామూలు సబ్బు, విడిగా ఒక మెత్తని బ్రష్షు చాలు. రాత్రి తీసి నీళ్ళలో ఉంచాలి.

షుగరున్నవాళ్ళకి చిగుళ్ళ జబ్బు త్వరగా ముదురుతుంది, చిగుళ్ళ జబ్బు ముదిరితే షుగరు అదుపు తప్పుతుంది. ఏ పద్ధతి ఎంచుకున్నా ఆరు నెలలకొకసారి పళ్ళ డాక్టరుకి చూపించుకోండి. అడ్డపొగ, అంటే చుట్ట నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని తాగే అలవాటు, ఉత్తరాంధ్రలో ఉంది. ఆ అలవాటున్నవాళ్ళు అద్దంలో అంగిలి కూడా చూసుకోవాలి. తెల్లమచ్చ గానీ, రెండు వారాలకీ మానని పుండు గానీ కనబడితే ఏ ఇంటి వైద్యంతోనూ ఆలస్యం చెయ్యకుండా చూపించుకోవాలి. రెండు వారాలు సరిగ్గా తోమి, దారం వాడినా చిగుళ్ళ రక్తం ఆగకపోతే అప్పుడూ అంతే.

పాత బ్రష్షు పారేసే ముందు: వెదురుదైతే పటకారుతో కుచ్చు పీకి, లేదా తల విరిచి, దాన్ని పొడిచెత్తలో వెయ్యండి. పిడిని కుండీలో టమాటా నారుకి ఊతగా గుచ్చుకోవచ్చు. ప్లాస్టిక్‌ది రెండు మూడు రకాల పదార్థాలు కలిసినది కాబట్టి చెత్త కొనేవాళ్ళు తీసుకోరు. కుక్కరు మూత రబ్బరు గాడి, మిక్సీ జారు అడుగు, కుళాయి మొదలు తోమడానికి దాన్ని ఇంకో ఏడాది వాడుకోండి.